ఆటో లింక్ స్క్రిప్ట్ కొనబోతున్నారా? తెలుగు సైట్లు నడిపేవాళ్లు ముందు ఇది చదవండి

"తెలుగు సైట్లకి ఆటో లింక్ స్క్రిప్ట్, లైఫ్‌టైమ్ లైసెన్స్" అని గ్రూపుల్లో తరచూ ఆఫర్ పెట్టే ఆయన మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. పేరు రాయను, ఆ పోస్టర్ చూసినవాళ్లకి ఎవరో అర్థమవుతుంది. ఆయన దగ్గర కొనకండి. నేను రూ. 6,500 యూపీఐలో పంపాను, ఆ డబ్బు ఇక రాదు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, నా సైటుని నమ్ముకున్న పిల్లలకి జరిగింది తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

మాది ఉద్యోగ నోటిఫికేషన్ల సైటు, పీహెచ్‌పీలో సొంతంగా రాయించుకున్నది. ఎవరికైనా ఏదైనా ప్రకటన కనబడితే వాళ్లే వచ్చి చిరునామా టైప్ చేసి పెడతారు. ఆ టైప్ చేసిన చిరునామా నొక్కితే తెరుచుకునే లింకుగా మారాలి, నాకు కావలసింది అంతే. ఇది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (రెగెక్స్ అంటారు, ఎలాంటి అక్షరాల వరుస వెతకాలో చెప్పే ప్యాటర్న్) చేసే పని. హెచ్‌టీటీపీ అనో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ అనో మొదలైన ముక్క ఎక్కడుందో ప్యాటర్న్ వెతుకుతుంది, దొరికిన ముక్కని లింకు ట్యాగులో పెడుతుంది. కష్టమంతా ఆ ముక్క ఎక్కడ ఆగాలన్న దగ్గరే. అందుకే డబ్బు పంపకముందే ఆయన్ని సూటిగా అడిగాను: మావాళ్లు తెలుగులో రాస్తారు, చిరునామా పక్కన ఖాళీ వదలకుండా లో, కి, నుంచి అని అతికించేస్తారు, ఇది మీ స్క్రిప్టు చూసుకుంటుందా? "అన్నా, తెలుగు కోసమే చేశాను, మీరు అస్సలు టెన్షన్ పడకండి" అని జవాబు. ఆ మెసేజ్ నా ఫోన్లో ఇంకా ఉంది.

జరిగింది ఇది. ఒక పెద్ద నోటిఫికేషన్‌కి ఆఖరు తేదీ. పొద్దున్నే ఒకమ్మాయి, పాపం అందరికీ గుర్తుచేద్దామని, దరఖాస్తు సైటు చిరునామా రాసి దానికి "లో" అతికించి, ఈరోజే ఆఖరు అని పోస్టు పెట్టింది. స్క్రిప్టు ఆ "లో"ని కూడా చిరునామాలో కలిపేసింది. డాట్ ఇన్ దగ్గర ఆగాల్సింది ఆగకుండా ఇన్‌లో దాకా లింకయింది. బ్రౌజర్ ఏం చేస్తుంది, ఆ తెలుగు అక్షరం డొమైన్ పేరులో భాగమేమో అనుకుని దాన్ని ఎక్స్‌ఎన్ అని మొదలయ్యే కోడ్‌లోకి మార్చి వెతుకుతుంది, అలాంటి సైటే లేదు కాబట్టి దొరకలేదంటుంది. నొక్కినవాళ్లకి ఇదంతా తెలియదు కదా. ఆఖరు రోజు సర్వర్ మీద లోడ్ ఎక్కువై ప్రభుత్వ సైటు తెరుచుకోకపోవడం మనందరికీ అలవాటే. ఇదీ అదే అనుకున్నారు. కాసేపాగి చూద్దాం, రాత్రికి తేలికపడుతుంది అని ఒకరికొకరు చెప్పుకుంటూ కూర్చున్నారు. కొందరు అలా కూర్చునే గడువు పోగొట్టుకున్నారు. సాయంత్రం నేను చూసి ఆ లింకు చేత్తో సరిచేసేటప్పటికి కొంతమందికి ఫీజు కట్టే టైమే మిగల్లేదు.

ఆయనకి స్క్రీన్‌షాట్లు పంపాను. మొదట మీ హోస్టింగ్ సమస్య అన్నాడు. కాదని చూపించాక అప్‌డేట్ అని ఇంకో ఫైలు పంపాడు. అందులో చేసిందల్లా ప్యాటర్న్‌ని ఇంగ్లిష్ అక్షరాల దగ్గరే ఆపేయడం. దాంతో "లో" వదిలింది కానీ, తెలుగు అక్షరాలతో ఉన్న ప్రతి చిరునామా విరిగిపోయింది. తెలుగు వికీపీడియా వ్యాసం చిరునామా తెలుగులోనే పెడితే, వికీ అన్న మాట తర్వాత వచ్చే ఏటవాలు గీత (స్లాష్) దగ్గరే లింకు తెగిపోయి వ్యాసం పేరు బయట ఉండిపోతోంది. అదే చిరునామా పర్సెంట్ గుర్తుల కోడ్‌లో ఉంటే పనిచేస్తుంది, కానీ ఒక్కో తెలుగు అక్షరానికి తొమ్మిది గుర్తులు పడే ఆ పొడుగాటి రూపాన్ని చేత్తో ఎవరు టైప్ చేస్తారు? ఇక తెలుగు లిపిలోనే డాట్ భారత్ అని ముగిసే డొమైన్లు ఉన్నాయి, వాటిని అసలు గుర్తుపట్టనే పట్టదు. తెలుగు కోసమే చేశానన్న మనిషి ఇచ్చిన అప్‌డేట్ ఇది!

అప్పుడు ఫోన్ చేశాను. గొడవ పెట్టుకోవాలని కాదు, ఎలా సరిచేయాలో చెబుదామని. డొమైన్ ముగిసిందాకా ఒక నియమం, గీత తర్వాత ఇంకో నియమం పెట్టండి, డొమైన్ ఇంగ్లిష్‌లో ఉంటే దాని వెంటనే వచ్చే తెలుగు అక్షరం దగ్గర ఆపండి, గీత తర్వాత మాత్రం తెలుగుని రానివ్వండి, అప్పుడు మిగిలేది చాలా తక్కువ కేసులు అన్నాను. మాట పూర్తికానివ్వలేదు. "మీ జనానికి స్పేస్ కొట్టడం రాకపోతే నా స్క్రిప్టేం చేస్తుంది? ముందు వాళ్లకి టైపింగ్ నేర్పించు, తర్వాత నాకు ఫోన్ చెయ్" అన్నాడు. డబ్బు పంపేదాకా అన్నా, మీరు. పంపాక నేర్పించు, చెయ్. ఫోన్ పెట్టేశాడు, వాట్సాప్‌లో బ్లాక్ చేశాడు. రిఫండ్ మాట ఎత్తనే లేదు నేను, అయినా బ్లాక్ చేశాడు.

ఆ మాట నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. మా సైటుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఊళ్లలో, చిన్న ఫోన్లలో, బస్సులో నిలబడి టైప్ చేసేవాళ్లు. తెలుగులో విభక్తి మాటకి అతుక్కునే వస్తుంది. హైదరాబాద్‌లో అని రాసినట్టే సైటు పేరు పక్కన లో అని రాస్తారు. అది వాళ్లకి రాకపోవడం కాదు, మన భాష రాసే తీరే అది. దాన్ని పట్టించుకుంటానని చెప్పి డబ్బు తీసుకున్నవాడు వాళ్లని తెలియనివాళ్లు అనడానికి ఎవరు?

కోపంలో ఆయన మొదట ఇచ్చిన ఫైలు విప్పి చూశాను. కోడ్ కనబడకుండా మెలిపెట్టి ఉంచాడు, విప్పితే లోపల ఉన్నది ఒకే ఒక్క ప్యాటర్న్: ఖాళీ వచ్చేదాకా ఉన్నదంతా లింకే. యూనికోడ్ అక్షరాలుగా చదవమని చెప్పే యూ అనే ఫ్లాగ్ కూడా లేదు. అది లేకపోతే పీహెచ్‌పీ ఒక్కో తెలుగు అక్షరాన్ని మూడు విడి బైట్లుగా చూస్తుంది, అసలు అక్షరమన్న సంగతే దానికి తెలియదు. వాక్యం చివర ఫుల్‌స్టాప్ పెడితే అది లింకులోకి పోతుంది. బ్రాకెట్లో చిరునామా రాస్తే మూసే బ్రాకెట్ కూడా లోపలికే. ఇవి కొత్త సమస్యలు కూడా కావు. చిరునామాల ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 3986 వచ్చింది 2005లో, మామూలు రాతలో చిరునామా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎలా తెలియజేయాలన్నది అందులోనే ఒక అనుబంధంలో చర్చించారు. చివరి విరామచిహ్నాన్ని వదిలేయడం, తెరిచిన బ్రాకెట్లనీ మూసినవాటినీ లెక్కపెట్టి ఎక్కువైన మూసే బ్రాకెట్‌ని బయట ఉంచడం, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటు మార్క్‌డౌన్ (రాతని గుర్తులతో తీర్చిదిద్దే పద్ధతి) నియమాల్లో అందరికీ కనబడేలా రాసి ఉంది. చదివితే చాలు, అది కూడా చేయలేదు.

అంతకంటే భయం వేసింది ఇంకోటి. దొరికిన ముక్కని ఎస్కేప్ చేయకుండా, అంటే కొటేషన్ లాంటి గుర్తులు కోడ్‌గా పనిచేయకుండా మార్చకుండానే, నేరుగా ట్యాగులో పెడుతున్నాడు. అంటే చిరునామా మధ్యలో ఒక కొటేషన్ గుర్తు పెట్టి దాని వెనక ఎవడైనా తన కోడ్ రాస్తే, అది నా చదువరుల బ్రౌజర్‌లో నడుస్తుంది. నడిస్తే లాగిన్లు పోతాయి. ఆ సంగతి తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. అప్‌డేట్ ఫైలులో ఒకదానిలో ఒకటి ఇరికించిన ప్లస్ గుర్తులు (ఒకసారైనా, ఎన్నిసార్లైనా రావచ్చు అని చెప్పేవి) ఉన్నాయి, పొడుగాటి లైను ఎవరైనా పేస్ట్ చేస్తే ప్యాటర్న్ వెనక్కీ ముందుకీ తిరుగుతూ ఉండిపోతుంది. పీహెచ్‌పీ ఒక హద్దు దాటాక వదిలేసి నల్, అంటే ఏమీ లేదన్న జవాబు, ఇస్తుంది, ఆయన దాన్ని చూసుకోలేదు, దాంతో పోస్టు మొత్తం ఖాళీగా కనబడుతోంది. రాసినవాళ్లు నేనే తీసేశాననుకుని నన్ను తిట్టారు. ఒక్క ప్యాటర్న్ ఎంత పని చేయగలదో తెలియదా? 2016 జులై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు పడిపోయింది ఇలాంటి దానివల్లే. 2019 జులై 2న వెబ్‌సైట్లకి రక్షణ ఇచ్చే కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ 27 నిమిషాలు ఇబ్బందిపడింది, కారణం ఒక రెగెక్సే. వాళ్లు జరిగింది దాచకుండా అందరికీ వివరంగా రాశారు. ఈయన బ్లాక్ చేశాడు.

కొనాలనుకునేవాళ్లకి చెప్పేది కొంచెమే. వర్డ్‌ప్రెస్ వాడుతుంటే కామెంట్లలో ఈ పని అదే చేస్తుంది, దానికి విడిగా డబ్బు పెట్టకండి. జావాస్క్రిప్ట్‌లో అయితే లింకిఫై ఇట్ లాంటి ఉచిత లైబ్రరీలు ఉన్నాయి, ముందు మీ తెలుగు వాక్యాలతో వాటిని పరీక్షించి చూడండి. ఎవరి దగ్గరైనా కొనక తప్పదంటే వాళ్ల డెమో చూసి నమ్మొద్దు, మీ సైటులోవే నాలుగు పోస్టులు ఇచ్చి మీ కళ్లముందే నడిపించమనండి: లో అతికించినది, తెలుగు పేరున్న వికీపీడియా చిరునామా, బ్రాకెట్లో ఉన్నది, కొటేషన్ గుర్తు ఉన్నది. కోడ్ విప్పి చూపించకపోతే అక్కడే ఆగిపోండి.

ఈయన స్క్రిప్టు ఇప్పటికే పెట్టుకున్నవాళ్లు ఉంటే మాత్రం మిగతాది తర్వాత చూసుకోవచ్చు, ఆ ఫైలుని ఈ రాత్రే తీసేయండి. లింకులు నొక్కడానికి రాకపోయినా ఫర్వాలేదు, కాపీ చేసుకుంటారు. మీ పాత పోస్టుల్లో కొటేషన్ గుర్తున్న చిరునామాలు ఎవరైనా పెట్టారేమో డేటాబేస్‌లో వెతకండి, దొరికితే అందరి పాస్‌వర్డ్‌లూ మార్పించండి.