ఆపరేషన్ మచ్చకి "స్పెషల్ కిట్" కొంటున్నారా? నా 3,499 పోయాయి, మీవి ఉంచుకోండి

ఆ రీల్స్ మేడమ్ ఎవరో చెప్పక్కర్లేదు. బంగారు రంగు డబ్బా పట్టుకుని "కుట్లు విప్పిన రోజే మొదలుపెట్టండి, మచ్చ లేవనే లేవదు" అంటుందే, ఆవిడే.

భుజం మీద కొవ్వు గడ్డ తీయించుకున్నాను. ఇదివరకు చెవికి రెండో కుట్టు కుట్టించుకుంటే శనగగింజంత కెలాయిడ్ (గాయం మానాక దాన్ని దాటి గట్టిగా పెరిగే మచ్చ) లేచింది. భుజం, ఛాతీ, చెవి తమ్మె దానికి ఇష్టమైన చోట్లు కదా, అందుకే ఈసారి ముందే టెన్షన్. ఆ టెన్షన్‌కి ఆవిడ కట్టిన రేటు 3,499.

కిట్‌లో ఒక జెల్, మూడు స్ట్రిప్పుల బిళ్ళలు. మందు పేరు ఉండాల్సిన వైపంతా తెల్ల స్టిక్కర్, దాని మీద "స్కార్ కంట్రోల్, రోజుకి రెండు". అనుమానం రాలేదా అంటే రాలేదు. డిగ్రీ చదివినదాన్నే మరి! పన్నెండు రోజులు బుద్ధిగా మింగాను. మొదటి వారమంతా కడుపులో తిప్పడం, విరేచనాలు. పాపం, పక్కింటి వాళ్ళు పంపిన బిర్యానీని తిట్టుకున్నాను.

నిన్న రాత్రి భోజనాలయ్యాక నాన్న తన షుగర్ బిళ్ళలు వేసుకుంటూ నా స్ట్రిప్పు చూశారు. ఏమీ అనకుండా స్టిక్కర్‌ని గోరుతో గీకారు. మెట్‌ఫార్మిన్ 500. పక్కనే ఆయన స్ట్రిప్పు పెట్టారు. అదే కంపెనీ, అదే బిళ్ళ. మా వీధి మెడికల్ షాపులో స్ట్రిప్పు పాతిక రూపాయలు కూడా లేదు.

"పన్నెండేళ్ళ నుంచి నేను మింగుతున్నది మచ్చల మందా?" అని చొక్కా గుండీలు విప్పి చూపించారు. ఛాతీ మీద నాలుగేళ్ళ కిందటి బైపాస్ మచ్చ, తాడులా లేచి ఉంది. ఒక్క మనిషిని చూసి మందు సంగతి తేల్చలేం, నిజమే. కానీ ఆ క్షణం నా మొహం మీరు చూడాల్సింది.

వెంటనే ఆ రీల్స్ మేడమ్‌కి ఫోన్ చేశాను. షుగర్ బిళ్ళకి స్టిక్కర్ ఎందుకు వేశారంటే "రీసెర్చ్ ఉంది, గూగుల్ చేసుకోండి" అంది. చేసుకున్నాను. ఉంది. మచ్చని గట్టిపరిచే కణాలు కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ని అతిగా తయారుచేయడాన్ని మెట్‌ఫార్మిన్ తగ్గించవచ్చని ల్యాబులో చూశారు, ఎలుకల ఊపిరితిత్తుల్లో గట్టిపడిన కణజాలం మీదా పరీక్షించారు. పనికొస్తుందేమోనన్న ఆశ నిజమే. కానీ ఆపరేషన్ అయిన మనిషి ఇది వేసుకుంటే కెలాయిడ్ రాదని ఇంకా ఎవరూ తేల్చలేదు. ఇదే అడిగితే ఆవిడ అన్న మాట: "కెలాయిడ్ లేచే ఒళ్ళు మీది. తప్పు మందుదా? మూడు వేలకి ఇంత గొడవా?" డబ్బు పోయినందుకు కాదు, ఆ "మీ ఒళ్ళు" అన్నందుకు రాత్రంతా నిద్రపట్టలేదు. పొద్దున చూస్తే బ్లాక్.

ఇవాళ స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. సిలికోన్ షీట్ రోజంతా అంటించుకోమన్నారు, మచ్చ లేస్తే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చూద్దామన్నారు. "కిడ్నీలు బాగున్నాయి కాబట్టి సరిపోయింది" అని కూడా అన్నారు. కిడ్నీలు సరిగా లేనివాళ్ళకి ఈ మందుతో రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని ప్రాణం మీదికి వస్తుందట. ఆ కిట్ అమ్మేటప్పుడు నన్ను ఒక్క ప్రశ్నయినా అడిగారా? అడ్రసు అడిగారు.

ఇప్పటికే కొన్నవాళ్ళు స్టిక్కర్ గీకి చూడండి. కింద పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ కనపడకపోతే మింగకండి, కనపడినా డాక్టర్‌ని అడక్కుండా మింగకండి. నేను 1915కి ఫోన్ చేసి కన్స్యూమర్ కంప్లయింట్ ఇచ్చాను. షుగర్‌కి నిజంగానే డాక్టర్ రాస్తే వాడుతున్నవాళ్ళు మాత్రం నా పోస్టు చూసి ఆపేయకండి బాబోయ్.

మిగిలిన ఆరు బిళ్ళలు "పారెయ్యడమెందుకు, నాకిచ్చెయ్" అంటున్నారు నాన్న. ఎక్స్‌పైరీ ఉన్న ముక్కని కత్తిరించేశారు నాన్నా అంటే వినడంలేదు.