టిఫిన్ బండిలో కడిగిన నీళ్ల ట్యాంకు: రెండున్నరేళ్లు వాడినాక నా మాట, గాలి పైపు దగ్గర మాత్రం రాజీ పడొద్దు

మాది కడప, టాటా ఏస్ మీద కట్టించుకున్న టిఫిన్ బండి, నేను మా ఆమె ఇద్దరమే చూసుకుంటాం. కారం దోశ, ఇడ్లీ, ఆదివారమైతే ఉగ్గాని బజ్జీ. పొయ్యి ఎట్ల పెట్టాల, సింకు ఎంత ఉండాల, ఇవన్నీ బండి కట్టించే ప్రతి ఒక్కరికీ తెలిసిందే కాబట్టి అది వదిలేస్తాండా. నేను రాయాలనుకున్నది సింకు కింద పెట్టించిన ట్యాంకు గురించి, నిజం చెప్పాలంటే ట్యాంకు కూడా కాదు, దాని మీద ఉండే, లోపలి గాలి పోయి వచ్చే గాలి పైపు గురించి. ట్యాంకు కొనేటప్పుడు ఎవురూ దాని గురించి అడగరు, చేసేవాళ్లూ చెప్పరు, నేను కూడా అడగలేదు.

ట్యాంకు పెట్టించకముందు సింకు కింద బకెట్ ఉండేది. అర్ధగంటకోసారి నిండేది, తీసి పక్కన కాలవలో పోసేవాళ్లం, రద్దీలో ఒక్కోసారి కాలవ దాకా పోయే తీరిక లేక రోడ్డు వారనే పోసేసినాం. పక్క షాపాయన మెట్ల ముందర నూనె జిడ్డు, ఈగలు. ఆయన గొడవ పడినాడంటే తప్పు ఆయనది కాదు, మాదే. పల్లెలో అయితే ఇట్లాంటి నీళ్లు కుడితి తొట్లో పోస్తాం, గొడ్లు తాగుతాయి, గానీ సబ్బు కలిసిన నీళ్లు యాడ పోయాల? అందుకని వెల్డింగ్ షాపు భాయ్ దగ్గర స్టీల్ ట్యాంకు చేయించినా, 100 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 25 ఎత్తు, అంటే సరిగ్గా 100 లీటర్లు. లోపల నీళ్లు ఒక్కసారిగా అటూ ఇటూ కొట్టకుండా రెండు అడ్డరేకులు, కింద ఒకటిన్నర ఇంచీ బాల్ వాల్వు, పైన చెయ్యి పట్టేంత మూత. మొదటి ఏడాది ఈ ట్యాంకు గురించి నేను గొప్పగా చెప్పని మనిషి లేడు. షాపాయనతో గొడవ ఆగిపోయింది, ఇప్పుడు ఆయన పొద్దున టిఫిన్ మా దగ్గరే.

ఇంక అసలు సంగతి. వాడబట్టి పదిహేను నెలలైంది, జనవరి, చలికాలం, ఆదివారం పొద్దున ఎనిమిదికి మంచి రద్దీ. మా ఆమె గిన్నెలు కడుగుతా ఉన్నట్టుండి "ఇదో చూడు, నీళ్లు దిగడం లే" అనింది. చూస్తే సింకు సగం నిండి అట్లే నిలబడింది, మధ్యలో గుడగుడమని బుడగ ఒకటి పైకి వచ్చి పగిలింది, దాంతో పాటే కుళ్లు వాసన, ముందు నిలబడి దోశ తింటున్న ముసలాయన ప్లేటు పట్టుకోని అవతలికి జరిగినాడు. ఆ జరగడం చూసి నాకు ప్రాణం చివుక్కుమనింది. ట్యాంకు నిండిందేమో అనుకున్నా. మంచినీళ్ల డ్రమ్ము చూస్తే ఇంకా ముప్పై లీటర్లు కూడా ఖర్చు కాలేదు, మరి 100 లీటర్ల ట్యాంకు ఎట్ల నిండుతుంది? పైపులో అడ్డం పడిందేమోనని మా ఆమె సింకు రంధ్రంలో కమ్మి పెట్టి పొడిచింది, కమ్మి సాఫీగా దిగింది, నీళ్లు మాత్రం దిగలేదు. ఏమీ అర్థం కాక ట్యాంకు పైమూత కొంచెం తిప్పినా. బుస్సుమని గాలి నా మొహం మీదికి కొట్టింది, అదే క్షణం సింకులో నీళ్లు గటగటా దిగిపోయినాయి.

అప్పుడు అర్థమైంది. సీసా మూతికి గరాటు బిగుతుగా అంటుకుపోతే నూనె పోసినా దిగదు కదా, గరాటు కొంచెం ఎత్తితే లోపలి గాలి బయటికొచ్చి నూనె దిగుతుంది. ట్యాంకుదీ అదే. లీటరు నీళ్లు లోపలికి పోవాలంటే లీటరు గాలి బయటికి రావాల. దారి లేకపోతే ఆ గాలి వచ్చిన దారినే, అంటే సింకు కింద వంపు పైపులో నిలబడే నీళ్లను తోసుకోని పైకొస్తుంది. ఆ వంపులో నీళ్లుండేదే వాసన పైకి రాకుండా ఆపడానికి. అవి చెదిరిపోతే ఇంక ట్యాంకు వాసనంతా తినేవాళ్ల ముక్కులోకే.

నిజానికి అంతకుముందు రెండు వారాల నుంచి అది సూచన ఇస్తానే ఉండాది. మధ్యాన్నం ఇంటికి పోయి వాల్వు తిప్పితే ముందు ఐదు నిమిషాల్లో ఖాళీ అయ్యేది, తర్వాత్తర్వాత గుళ్ గుళ్ మని ఆగి ఆగి ఇరవై నిమిషాలు పట్టేది. నూనె డబ్బాకు రెండు బొక్కలు ఎందుకు పెడతామో చిన్నప్పటి నుంచి తెలుసు, ఇక్కడ మాత్రం తట్టలేదు.

ఆ మధ్యాన్నమే గాలి పైపు ఊడదీసినా. భాయ్ పెట్టింది కూలర్లకు వాడే సన్న పైపు, చిటికెన వేలంత కూడా లేదు, ట్యాంకు ముందు మూలన తగిలించి కౌంటర్ వెనకాల వేలాడదీసినాడు, మధ్యలో ఉయ్యాల మాదిరి కిందికి జారి ఉండాది. బండి బ్రేకు వేసినప్పుడల్లా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ట్యాంకులో నీళ్లు ముందుకు కొట్టి కొంచెం కొంచెం ఆ పైపులోకి పోయి ఆ జారిన చోట నిలబడినాయి. మాది నెయ్యి కారం దోశ, ఆ నీళ్లలో నెయ్యి, డాల్డా ఉంటాయి, చలికి అది గడ్డకట్టింది. బ్లేడుతో పైపు నిలువునా కోస్తే లోపల వేలెడు పొడుగున తెల్లగా కొవ్వొత్తి మాదిరి మైనం, దాంట్లో దోశపిండి పలుకులు, పాచిపోయిన నెయ్యి వాసన. దాన్ని అరచేతిలో పెట్టుకోని మా ఆమెకు చూపిస్తే "ఇంతదానికా నేను కమ్మితో పొడిచింది" అనింది.

భాయ్‌ని తప్పుపట్టను, ఆయనకు బండి ట్యాంకు అదే మొదటిది. మళ్లీ ఆయనతోనే చేయించినా. పాత బొక్క మూసి, ట్యాంకు పైరేకు మధ్యలో కొత్తది పెట్టించి, ఒక ఇంచీ పీవీసీ పైపు యాడా వంగకుండా నిట్టనిలువుగా బండి టాపు దాకా తీసుకుపోయి, పైన వాన పడకుండా ఎల్బో కిందికి తిప్పి, దోమల వల గుడ్డ కట్టినాం. సామాను, కూలి అన్నీ కలిపి నాకు ఐదు వందల లోపే అయింది. మధ్యలో ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు నీళ్లు లేచేది మూలలకు, నడిమధ్య తక్కువ. అప్పటినుంచి ఇప్పటికి పదిహేను నెలలు, ఒక్క గుడగుడ లేదు. వల మాత్రం నెలకోసారి పాత టూత్ బ్రష్‌తో రుద్దాల, మన ఊరి దుమ్ము తెలిసిందే కదా.

ఇంక ముందు పొగిడినవాటిలో కొన్ని ఇప్పుడు అట్ల చెప్పలేను. వంద లీటర్లు చేయించండని ఇద్దరు ముగ్గురికి చెప్పినా, ఇప్పుడైతే 80 చాలంటా. నీళ్లు లీటరుకు కిలో, నిండితే వంద కిలోలు ఒక పక్కనే ఉంటాయి, ఆ బరువుతో మలుపు తిరిగేటప్పుడు బండి ఒరిగినట్టు తెలుస్తుంది. మా మంచినీళ్ల డ్రమ్ము 70 లీటర్లది, ట్యాంకు దానికంటే కొంచెం పెద్దదుంటే చాలు, డ్రమ్ము అయిపోయినా ట్యాంకు పొంగదు. లోపల లెవెల్ చూపించే ఫ్లోట్ ఒకటి పెట్టించినా, నెల తిరక్కముందే జిడ్డుకు అతుక్కుపోయింది, దానికి డబ్బులు పెట్టొద్దు, డ్రమ్ము చూస్తే లెక్క తెలుస్తుంది. స్టీల్ గొప్పదని చెప్పినా గానీ వాసనకు బ్లీచింగ్ పోయడం మొదలుపెట్టినాక వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు చుక్కలు పడినాయి, బ్లీచింగ్ మానేసి వేడినీళ్లు, సోడా పోస్తాండాం. ప్లాస్టిక్ అయితే ఆ బాధ ఉండేది కాదు.

ఒకటి మాత్రం ఏ పైపూ బాగుచేయలేదు. మే నెలలో ఒకరోజు అలిసిపోయి రేపు చూద్దాంలే అని ట్యాంకు అట్లే వదిలేసినా. దోశపిండి కలిసిన నీళ్లు కడప వేడికి ఒక్కరాత్రిలో ఎట్లయితాయో మాటల్లో చెప్పలేను, రెండు రోజులు బండి తలుపులు తెరిచి పెట్టినాం. ఏరోజు నీళ్లు ఆరోజే పోవాల. మేం ఇంటి డ్రైనేజీ చాంబర్లోకి వదుల్తాం, అది కూడా జల్లెడ పెట్టి. పిండి గిన్నెలు బండిలో కడగం, ప్లేట్లు ముందు పేపర్‌తో తుడిచి ఆ తర్వాతే సింకులో వేస్తాం.

ఒంటిమిట్ట బ్రహ్మోత్సవాలకు బండి తీసుకుపోయినప్పుడు ఈ ట్యాంకు విలువ బాగా తెలిసింది. కోదండరాముని కల్యాణం రాత్రిపూట కదా, మధ్యాన్నం నుంచి రాత్రి దాకా అక్కడే ఉన్నాం. మేం నిలబెట్టిన చోట కాలవ లేదు, ఒక్క చుక్క కింద పోయలేదు, ఇంటికొచ్చి వాల్వు తిప్పినాం. భక్తులు నడిచే చోట ఎంగిలి నీళ్లు పారకుండా పని చేసుకున్నామని నాకు, మా ఆమెకు చానా తృప్తి.

అందరూ పెట్టించుకోవాలని చెప్పను. మాది ఇద్దరు మనుషుల బండి, పేపర్ ప్లేట్లు కూడా వాడ్తాం కాబట్టి కడిగేది తక్కువ. బిర్యానీ, మాంసం వండేవాళ్లకు కొవ్వు ఎక్కువ, వాళ్లకు ట్యాంకు ముందు జిడ్డు ఆగే డబ్బా ఒకటి కచ్చితంగా కావాల, అది మేం వాడలేదు కాబట్టి ఎట్లాంటిది పెట్టాలో చెప్పలేను. బండి ఒకేచోట ఉండి పక్కనే డ్రైనేజీ కలుపుకోవడానికి పర్మిషన్ ఉంటే ట్యాంకే అక్కర్లేదు. మా బావమరిది ప్రొద్దుటూరులో బండి కట్టిస్తాండాడు, ట్యాంకు స్టీలో ప్లాస్టికో వాని ఇష్టం, గాలి పైపు బిగించే రోజు మాత్రం నాకు ఫోన్ చేయమని చెప్పినా, పని మానుకోని అయినా పోతా.