హార్స్‌లీ హిల్స్ ఎక్కేవాళ్లకి షిమానో 11-34 క్యాసెట్, నా అనుభవం

నాది షిమానో సోరా గేర్లున్న 9 స్పీడ్ రోడ్ బైక్, అంటే సైకిలే. ముందు పెడల్ దగ్గర 50, 34 పళ్ల చక్రాలు (50-34), వెనక క్యాసెట్, అంటే వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల సెట్టు, కొన్నప్పుడు వచ్చిన 11-28 (చిన్న చక్రానికి 11 పళ్లు, పెద్దదానికి 28). మదనపల్లె నుంచి అంగళ్లు దాకా ఎన్నిసార్లు తొక్కినా ఏ ఇబ్బందీ లేదు, కానీ హార్స్‌లీ హిల్స్ ఘాట్ మొదలైతే చాలు మోకాళ్లు పట్టేసేవి. నాతో తొక్కే మా ఫ్రెండ్ సన్నగా ఉంటాడు, సునాయాసంగా ఎక్కేస్తాడు, ఎక్కి మలుపు దగ్గర ఆగి నాకోసం చూస్తుంటాడు, నువ్వు పోరా అన్నా వినడు. ఇద్దరం కలిసి బయల్దేరతాం, కొండ మీద మాత్రం ఎవరిది వాళ్లు తొక్కుకోవడమే.

ఒక షాపులో అడిగితే బైకే మార్చేయమన్నారు. క్యాసెట్ ఒక్కటి మార్చినా సరిపోతుందని చెప్పనే లేదు, అది నాకు ఇప్పటికీ బాధే. తర్వాత వేరే మెకానిక్ దగ్గర షిమానో హెచ్‌జీ400 మోడల్ 11-34 క్యాసెట్ వేయించాను. చైన్‌ని గేరు నుంచి గేరుకి జరిపే భాగాన్ని డీరెయిలర్ అంటారు, నాది షార్ట్ కేజ్, అంటే చైన్‌ని బిగువుగా పట్టే దాని చేయి పొట్టిది, 34 పళ్లకి అది పనికిరాదు, అందుకే లాంగ్ కేజ్‌ది కొనాల్సొచ్చింది, చైన్ కూడా పొడుగు కావాలి కాబట్టి కొత్తదే వేయించా. మూడూ కలిపి బడ్జెట్ వేసుకోండి, క్యాసెట్ రేటు ఒక్కటే చూసి వెళ్లొద్దు.

తేడా ఎంతంటే, ముందు 34 వెనక 28 ఉంటే పెడల్ ఒక చుట్టుకి బండి రెండున్నర మీటర్లు పోతుంది, వెనక కూడా 34 అయితే 2.1 మీటర్లే. గంటకి 7 కిలోమీటర్ల స్పీడులో ఎక్కుతున్నామనుకోండి, పాతదాంతో నిమిషానికి 45 చుట్లు బలంగా తొక్కాలి, దీంతో 55 చుట్లు తేలిగ్గా తిప్పొచ్చు. వినడానికి పది చుట్లే కానీ ప్రతి తొక్కుకీ మోకాలి మీద పడే బరువు తగ్గుతుంది, ఘాట్ మొత్తం అదే పని కదా, ఆ తేడా పైకెళ్లాక తెలుస్తుంది.

మైనస్ కూడా చెప్పాలి. గేర్ల మధ్య గ్యాప్ పెరిగింది, చదును రోడ్డు మీద ఎదురుగాలి ఉన్నప్పుడు ఒక గేరు మరీ తేలిక, పక్కది మరీ బరువు అనిపిస్తుంది. ఎక్కువగా చదును రోడ్లలో గ్రూప్ రైడ్లు చేసేవాళ్లకి 11-28 నే మంచిది. బండి బరువు కూడా కాస్త పెరుగుతుంది, నాకైతే తెలియలేదు.

పోయిన ఆదివారం తెల్లారకముందే బయల్దేరాం. ఘాట్‌లో మా వాడు నా పక్కనే తొక్కాడు, వాళ్ల చెల్లెలి పెళ్లి సంబంధం గురించి కింద మొదలుపెట్టి నీలగిరి చెట్లు వచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు, నేను రొప్పకుండా ఊ కొట్టడమే కాదు, మధ్యలో సలహా కూడా ఇచ్చా. ఒక్క మలుపులో కూడా వాడు ఆగలేదు.