బెన్ 10 మొత్తం ఉంది, వరుసే లేదు

పిల్లల కార్టూన్ల కోసం ఏడాది చందా కట్టిన ఒక యాప్ మీద ఈ సమీక్ష. పేరు రాయడం లేదు, వాడేవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు. బొమ్మ నాణ్యతకు వంక పెట్టలేను. కరెంటు పోయి వచ్చినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది, మధ్యలో ప్రకటనల గోల లేదు. కానీ అందులో బెన్ 10 అనే కార్టూన్‌ను పేర్చిన తీరు చూస్తే, ఆ పని చేసినవాళ్లు ఒక్క భాగమైనా చూడలేదని నా గట్టి నమ్మకం. అయిదుకు రెండు మార్కులు.

నేను గుంటూరులో దస్తావేజు లేఖరిని. ఎవరైనా స్థలం కొంటున్నారంటే లింకు దస్తావేజులన్నీ ముందేసుకుని, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, సరిహద్దులు ఎక్కడ మారాయి అని చూడటం నా రోజువారీ పని. వేసవి సెలవులకు మా అమ్మాయి కొడుకు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చి మధ్యాహ్నాలు ఈ యాప్ ముందే గడిపాడు. రోహిణీ కార్తె ఎండలకు బయట అడుగు పెట్టలేక నేనూ పక్కనే కూర్చున్నాను. "తాతయ్యా, నిన్న కెవిన్ బెన్‌ను చంపబోయాడు, ఇవాళ కారులో ఎక్కించుకుని తిప్పుతున్నాడేమిటి?" అని వాడు అడిగాడు. యాప్‌లో ఎంత వెతికినా జవాబు దొరకలేదు. ఇక కాగితం, పెన్ను తీయక తప్పలేదు.

అసలు సంగతి, బెన్ 10 ఒక సీరియల్ కాదు, అయిదు. మ్యాన్ ఆఫ్ యాక్షన్ అనే నలుగురు రచయితల బృందం సృష్టించిన మొదటిది 2005 చివర మొదలై 2008 దాకా వచ్చింది. పదేళ్ల బెన్, వాడి ఈడుదే తండ్రి సోదరుడి కూతురు గ్వెన్, తాత మ్యాక్స్, ఒక పాత వ్యాను, చేతికి పట్టుకుంటే ఊడని, బెన్‌ను రకరకాల గ్రహాంతర జీవులుగా మార్చే ఆమ్నిట్రిక్స్ గడియారం. ఆ తరువాత 2008లో ఏలియన్ ఫోర్స్, 2010లో అల్టిమేట్ ఏలియన్, 2012లో ఆమ్నివర్స్. ఈ నాలుగూ ఒకే కథకు కొనసాగింపు. ఏలియన్ ఫోర్స్ నాటికి బెన్‌కు పదిహేనేళ్లు, ఆ పైన పదహారు. మొదటిదానిలో శత్రువైన కెవిన్ ఏలియన్ ఫోర్స్ నుంచి స్నేహితుడు, మావాడి ప్రశ్నకు జవాబు అదే. 2016లో వచ్చిన అయిదోది మాత్రం మళ్లీ మొదటి నుంచి, పదేళ్ల బెన్‌తోనే. యాప్‌లో వీటన్నిటినీ ఒకే బొమ్మ కింద కుప్ప పోశారు. కొత్తది కదా అని 2016 నాటిదాన్ని పైన పెట్టి 'సీజన్ 1' అన్నారు. అసలైన సీజన్ 1 కూడా అదే పేరుతో ఎక్కడో అడుగున ఉంది. పాత కథ ఆఖరి భాగం అవ్వగానే 'తరువాతి భాగం' అంటూ తిన్నగా 2016లోకి దూకుతుంది. అక్కడ కెవిన్‌కు కూడా ఒక గడియారం! పిల్లవాడు తికమకపడక ఏం చేస్తాడు?

అయితే గజిబిజి అంతా యాప్‌దే కాదు, కొంత కథదే. మొదట్లో గ్వెన్ పుస్తకం చూసి మంత్రాలు నేర్చుకునే మామూలు పిల్ల. ఏలియన్ ఫోర్స్‌లో నాయనమ్మ వెర్డోనా దిగి వచ్చి, తాను ఆనోడైట్ అనే గ్రహాంతర జాతికి చెందినదాన్నని, మనవరాలి శక్తి తన నుంచి వచ్చిందేనని చెబుతుంది. దీన్ని నేను ఒప్పుకున్నాను. పాతదాన్ని రద్దు చేయకుండా, కారణం చూపించి రాసిన సవరణ దస్తావేజు అది.

కెవిన్ విషయంలో మాత్రం ఒప్పుకోను. మొదట కరెంటు పీల్చుకునేవాడు కాస్తా ఏలియన్ ఫోర్స్‌కు వచ్చేసరికి రాయినో ఇనుమునో ముట్టుకుని ఒళ్లంతా అదే అయిపోతాడు. సరే, పెరిగాడు అనుకుందాం. అతని తండ్రి డెవిన్ మ్యాక్స్‌తో కలిసి పనిచేసిన ప్లంబర్ అని (గొట్టాలు బిగించేవాడు కాదు, గ్రహాంతర పోలీసు), రాగ్నరోక్ అనే దుండగుడి చేతిలో చనిపోయాడని అక్కడే చెప్పారు. ఏలియన్ ఫోర్స్, అల్టిమేట్ ఏలియన్ కథలను నడిపించిన డ్వేన్ మెక్‌డఫీ 2011లో మరణించాడు. ఆమ్నివర్స్ నాటికి బొమ్మల గీత మారింది, దాంతో పాటు కెవిన్ పుట్టుకా మారింది. ఆ తండ్రి జ్ఞాపకాలు ఎవరో తలలో పెట్టినవట, కెవిన్ గ్రహాంతరవాసి సంతానం కాదు, మార్పు చెందిన మనిషేనట. రిజిస్టరైన పత్రం కళ్లెదుట ఉండగా, అమ్మినవాడే అసలు పుట్టలేదని కొత్త కాగితం రాసుకొస్తే ఏ సబ్ రిజిస్ట్రారు ఊరుకుంటాడు?

ఇంకొకటి. మొదటి కథ నాలుగో సీజన్‌లో బెన్ సొంత ఊరికి వెళ్లడం, ప్రధాన శత్రువు విల్గాక్స్ వచ్చి పడటం, అమ్మానాన్నలకు రహస్యం తెలిసిపోవడం ఉన్నాయి. ఏలియన్ ఫోర్స్‌లో అదే రహస్యం అప్పుడే బయటపడినట్టు వాళ్లు హడలిపోయి కొడుకును ఇంట్లో కట్టడి చేస్తారు. గడియారం గ్వెన్‌కు దొరికి ఉంటే ఏమయ్యేదో చూపించే భాగం లాగే ఆ పాత భాగాన్ని కూడా 'ఇలా జరిగి ఉంటే' కథల్లో వేసుకుంటే తప్ప పొసగదు. భాగం పేరు కింద ఈ ఒక్క ముక్క రాయడానికి యాప్‌వాళ్లకు ఏం బరువు?

చూడబోయేవాళ్లు 2005 నాటిదానితో మొదలుపెట్టి ఆమ్నివర్స్ దాకా వరుసగా చూడండి. ఆమ్నివర్స్‌లో పదకొండేళ్ల బెన్ కనిపిస్తే కంగారు పడకండి, అవి వెనకటి జ్ఞాపకాలు. 2016 నాటిది వేరే ప్రపంచం. 2021లో వచ్చిన ఏలియన్ ఎక్స్‌టింక్షన్‌లో వేర్వేరు ప్రపంచాల బెన్‌లు ఒకచోట కలుస్తారు కాబట్టి ఆ సంగతి అక్కడ తేలిపోతుంది. యాప్‌లో అది ఈ కుప్పలో లేదు, 'సినిమాలు' విభాగంలో ఎవరికీ పట్టనట్టు పడి ఉంది. అది చూశాకే మావాడు ప్రశ్నలు ఆపాడు.

తెలుగు మాటలు మొదటిదానికీ 2016 దానికీ ఉన్నాయి. నడుమ మూడింటికీ హిందీ, ఇంగ్లీషు మాత్రమే. మావాడికి ఇబ్బంది లేదు, నాకే వాడు అర్థం చెప్పాల్సి వచ్చింది. వరుస సరిచేయమని యాప్‌వాళ్లకు వివరంగా రాస్తే, మీ అభిప్రాయం మాకు విలువైనదని రెండు వాక్యాల జవాబు వచ్చింది. చందా గడువు దసరాకు తీరుతుంది. అప్పటికి అయిదింటినీ విడదీసి పెడితే మళ్లీ కడతాను. లేదంటే ఆ డబ్బుతో వాడికి ఒక మంచి చదరంగం బల్ల కొనిపెడతాను.