డర్బన్ ఉత్తర తీరంలో సంఘాల సందర్శన: ఎక్కడ ఉండాలి, ఏం తీసుకెళ్లాలి

దక్షిణాఫ్రికాలో తెలుగు మూలాలున్న క్రైస్తవ సంఘాలను (చర్చిలను) చూడడానికి పది రోజులు సరిపోతాయి. ఆ పది రోజుల్లో పన్నెండు సంఘాలు చుట్టేద్దామనుకుంటేనే ఇబ్బంది. ఆదివారం ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, వారం మధ్యలో ఒక గృహకూడిక చాలు. అంతకు మించితే ఆరాధన అయ్యాక టీ తాగే తీరిక ఉండదు. అక్కడివాళ్లు మనసు విప్పేది ఆ టీ దగ్గరే.

ముందు చూడవలసింది కియర్స్‌నీ. చెరకు, తేయాకు తోటల కూలీలుగా వెళ్లిన మనవాళ్ల మధ్య సేవ చేయడానికి నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యగారు 1903లో నాటాల్ (డర్బన్ ఉన్న ప్రాంతం) వెళ్లారు. తెలుగు బాప్టిస్టులు పంపిన మిషనరీ ఆయన. కియర్స్‌నీ తేయాకు ఎస్టేటులో అదే ఏడాది సంఘం ఏర్పడింది. మన సంఘాలే ఒక మిషనరీని సముద్రం దాటించాయన్న సంగతి ఇక్కడి సండే స్కూలు పిల్లలకు కూడా తెలియాలి.

దారి విషయంలో ఒక జాగ్రత్త. ఫోను మ్యాపులో ‘కియర్స్‌నీ’ అని కొడితే బోథాస్ హిల్‌లోని కియర్స్‌నీ కాలేజీ రావచ్చు. ఆ కాలేజీ మొదలైంది మనం చూడబోయే కియర్స్‌నీలోనే అయినా 1939లో అటు మారింది. అది డర్బన్‌కు పడమట, పీటర్‌మారిట్స్‌బర్గ్ దారిలో ఉంది. మనకు కావలసింది ఉత్తరాన క్వాడుకూజా (పాత పేరు స్టాంగర్) వైపు లోపలికి. ఆ ఊరి బాప్టిస్టు పెద్దలతో ముందే మాట్లాడుకుని వాళ్ల కారు వెనకే వెళ్లడం మేలు. తోటల మధ్య దారులు అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

బస ఎక్కడ? ఉమ్లాంగా అందంగా ఉంటుంది, ఖర్చు ఎక్కువ, సంఘాలకు దూరం. డర్బన్ బీచి హోటళ్లు బాగానే ఉంటాయి గాని చీకటి పడ్డాక చుట్టుపక్కల నడవకూడదు. క్వాడుకూజా, టొంగాట్ వైపు గెస్ట్‌హౌస్‌లే ఈ పనికి సరైనవి. విమానాశ్రయం కూడా అటే. గది ఖాయం చేసేముందు జోజో ట్యాంకు (నీళ్ల ట్యాంకు), ఇన్వర్టరు ఉన్నాయా అని అడగండి. ఈ వైపు నీళ్లు ఆగిపోవడం కద్దు. మన పదహారు ఆంపియర్ల పెద్ద మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లలో పడుతుంది, చిన్న పిన్నులది పట్టదు. డిసెంబరు వద్దు: ఉక్కపోత, వాన, పైగా సంఘస్థులంతా సెలవులకు వెళ్తారు. జూన్, జులై హాయిగా ఉంటాయి, స్వెట్టరు ఒకటి చాలు.

వీసా దరఖాస్తులో ఆహ్వాన పత్రం జతచేసి, ప్రసంగం ఉంటే ఉందనే రాయాలి. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్తూ పన్నెండు గంటలకు పైగా ఆగితే ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడుగుతారు. టీకా వేసుకున్న పది రోజులకు గాని అది చెల్లదు.

నాయుడు, చెట్టి అన్న ఇంటిపేర్లు చూసి తెలుగులో ప్రసంగం మొదలుపెట్టకండి. ఆరాధన ఇంగ్లీషులోనే. తెలుగు కీర్తన పాడితే పెద్దవాళ్ల కళ్లు చెమరుస్తాయి. చరణాలు ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చువేసి పంచితే అందరూ కలిసి పాడతారు. తెలుగు బైబిళ్ల పెట్టె మోసుకెళ్లడం వృథా, చదివేవాళ్లు అరుదు.

ఇనాండా వైపు జూలూ (స్థానిక ఆఫ్రికన్ జాతి) సంఘాలలో తర్జుమా ఉంటుంది. ఇరవై నిమిషాల ప్రసంగం నలభై అవుతుంది. కాబట్టి పదిహేనుకే సిద్ధపడి, చిన్న వాక్యాల్లో చెప్పాలి. జూలూ భాషలో పలకరింపు నలుగురికి ‘సనిబోనని’, ఒక్కరికైతే ‘సావుబోనా’. కానుకలు ఇవ్వాలనిపిస్తే చేతికి డబ్బు ఇవ్వకుండా పాస్టరుగారి ద్వారా సంఘానికే ఇవ్వండి. లేకపోతే మీ వెనక వచ్చే బృందానికి చేయి చాచేవాళ్లే ఎదురవుతారు.

వీటన్నిటికంటే మనం నిజంగా పనికొచ్చేది అక్కడివాళ్ల పూర్వీకుల ఊరి పేర్ల దగ్గర. 1860 నుంచి 1911 వరకు వెళ్లిన కూలీల ఓడ పట్టికల్లో ఒక్కొక్కరికి నంబరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామం రాసి ఉంటాయి. గుమాస్తా విన్నట్టు రాసుకున్న స్పెల్లింగులు అవి. మునిమనవలకు అర్థం కావు, మనకు చాలాసార్లు తడతాయి. ‘గంజాం’ అని ఉంటే ఒడిశా అని తేల్చేయకండి. శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలోనే ఉండేది. ‘వైజగపటాం’ (విశాఖపట్నం) జిల్లాలో నేటి విజయనగరం కూడా ఉండేది. ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉంటాయి కనుక తాలూకా కలవకుండా ‘ఇదే మీ ఊరు’ అని మాట ఇవ్వకూడదు. నంబరు, ఓడ పేరు, గ్రామం ఫొటో తీసుకుని, ఇంటికొచ్చాక ఆ మండలంలో తెలిసినవాళ్లను అడిగి, దొరికినా దొరకకపోయినా నెలలోగా కబురు పంపండి. ఆ కుటుంబం ఎదురుచూస్తూ ఉంటుంది.