ఇరవై నాలుగ్గంటల అటెండెంట్ సర్వీసు: బ్యూరో చెప్పే రేటు, ఇంటికొచ్చే బిల్లు

హైదరాబాద్‌లో పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దవాళ్లను డిశ్చార్జ్ చేసే రోజున, బిల్లింగ్ కౌంటర్ దాటకముందే ఇంటికి అటెండెంట్లను పంపే రెండు మూడు బ్యూరోల కార్డులు చేతికి వస్తాయి. అన్నీ చెప్పేది ఒకటే: ట్రెయినింగ్ అయిన అటెండెంట్, రాత్రింబవళ్లూ ఇంట్లోనే, మానేస్తే వెంటనే ఇంకొకరు. సర్వీసు అవసరమైనదే, డబ్బు పెట్టదగ్గదే. కానీ ఫోన్‌లో చెప్పే రేటు నెల ఖర్చులో సగానికి కాస్త పైన మాత్రమే. అయిదుకు మూడు మార్కులు వేయొచ్చు. పోయిన రెండు మార్కుల్లో ఒకటి రాత్రిపూటకి, ఒకటి అగ్రిమెంటుకి.

ముందు లెక్క. 24 గంటల అటెండెంట్‌కి నెలకు సుమారు 27,000 అనుకుందాం. పేషెంట్ బరువును బట్టి, ట్యూబులను బట్టి ఇది పెరుగుతుంది. మనిషి భోజనం, టీ టిఫిన్లు మనవే, 4,000. డైపర్లు రోజుకు నాలుగు, ఒక్కోటి 40 చొప్పున 4,800. పేషెంట్ కింద పరిచే అండర్‌ప్యాడ్లు రోజుకు రెండు, 1,200. ఆస్పత్రి రకం మంచం అద్దె 2,500. ఫిజియోథెరపిస్ట్ రోజు విడిచి రోజు వస్తే, విజిట్‌కు 500 చొప్పున 7,500. గ్లవ్స్, వైప్స్, క్రీములు 1,500. మొత్తం 48,500. ఇందులో మందులు లేవు. బ్యూరో రిజిస్ట్రేషన్ ఫీజు, మంచానికి కట్టే డిపాజిట్ కూడా లేవు.

డబ్బు అనవసరంగా పోయే మొదటి చోటు నర్సు. ముక్కులోంచి ఆహారం పోసే రైల్స్ ట్యూబ్ ఉందనగానే బ్యూరోవాళ్లు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన నర్సు కావాలంటారు, రేటు ఒక్కసారిగా పైకి పోతుంది. గొంతుకు ట్రకియాస్టమీ (ఊపిరి కోసం పెట్టిన రంధ్రం) ఉండి సక్షన్‌తో కఫం తీయాలన్నా, ఇంట్లో ఐవీ ఇంజెక్షన్లు నడుస్తున్నా నర్సు తప్పదు. ట్యూబ్ ఫీడింగ్ ఒక్కటే అయితే నేర్చుకున్న అటెండెంట్ చాలు. డిశ్చార్జ్‌కి ముందే వార్డులో నర్సు చేత ఇంట్లో ఇద్దరు నేర్చుకోవాలి: తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపడం, ట్యూబ్ మీద గుర్తు జరగలేదని చూడటం, సిరంజితో వెనక్కి లాగి చూడటం, డాక్టర్ చెప్పిన కొలత మెల్లగా పోయడం, తర్వాత నీళ్లతో ట్యూబ్ కడగడం, కనీసం అరగంట వరకూ పడుకోబెట్టకపోవడం. పోసిన వెంటనే పడుకోబెడితే ఫీడ్ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. మళ్లీ ఐసీయూ అంటే ఏడాది అటెండెంట్ జీతం వారంలో పోవచ్చు.

వచ్చిన మనిషికి నిజంగా పని వచ్చా అన్నది సర్టిఫికెట్‌లో తెలియదు. మొదటి రోజు పేషెంట్‌ను పక్కకి తిప్పమనండి. తెలిసినవాళ్లు ముందు మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం వెనక ఎముక మీద, ఇంకోటి తుంటి మీద పెట్టి మొత్తం ఒంటిని ఒకేసారి తిప్పుతారు, పైకి జరపడానికి కింద మడిచి వేసిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టుకుంటారు. తెలియనివాళ్లు చచ్చుబడిన చేతిని పట్టుకుని లాగుతారు. ఆ చేతికి కండ పట్టు ఉండదు కాబట్టి భుజం కీలు కిందికి జారి, నొప్పితో ఫిజియో కూడా సాగదు. ఇది కనబడితే మొహమాటపడక అదే రోజు మార్చమనండి.

రాత్రి సంగతి. 24 గంటల డ్యూటీ అంటే 24 గంటలూ మెలకువగా ఉంటారని కాదు, ఏ మనిషీ ఉండలేరు. పడుండే పేషెంట్‌ను రెండు గంటలకోసారి తిప్పకపోతే నడుం కింద, మడమల మీద పుండ్లు పడతాయి. కాబట్టి రెండు దారులు: పన్నెండు గంటల షిఫ్టులకు ఇద్దరిని పెట్టుకోవడం, జీతం దాదాపు రెట్టింపవుతుంది, లేదంటే అర్ధరాత్రి, రెండింటికి తిప్పే పని ఇంట్లోవాళ్లు పంచుకుని, ఆ మనిషికి వరసగా దాదాపు ఆరు గంటల నిద్ర ఇవ్వడం. రెండోదే ఎక్కువమందికి కుదిరే దారి. నిద్ర లేని అటెండెంట్ పదిహేను రోజుల్లో మానేస్తారు, కొత్త మనిషికి మళ్లీ అంతా మొదటినుంచి నేర్పాలి.

గాలి పరుపు ఇందులో సాయమే కానీ తిప్పే పనిని తప్పించదు. మంచం అద్దెకు తీసుకోండి, గాలి పరుపు కొనండి: బుడగల రకం 2,500 నుంచి 4,000లో దొరుకుతుంది, వాడిన పరుపులో పంక్చర్లు, వాసన రెండూ ఉంటాయి. దాని మీద రెగ్జిన్, బొంత పరిస్తే కొన్న డబ్బు దండగ. పల్చటి కాటన్ దుప్పటి ఒక్కటే వేయాలి. పేషెంట్ నడుం కిందుగా పరుపు అడుగున అరచెయ్యి దూర్చి చూడండి. ఎముక చేతికి తగిలితే గాలి చాలట్లేదు. పంపు తక్కువ కరెంటే తింటుంది, ఇన్వర్టర్ లైన్‌లో పెట్టేయండి. డైపర్లలో ప్యాంటు రకం మంచాన ఉన్నవాళ్లకు పనికిరాదు, పక్కల అంటించే టేపు రకం తీసుకోవాలి, సైజు తుంటి కొలతను బట్టి. నెలకు సరిపడా కోఠి వైపు సర్జికల్ షాపుల్లో ఒకేసారి కొంటే మందుల షాపు ఎమ్మార్పీ కన్నా తగ్గుతుంది.

అగ్రిమెంటులో చూడాల్సినవి: మనిషి రాని రోజుకు డబ్బు కోస్తారా, మార్పు ఎన్ని గంటల్లో, ఎన్నిసార్లు ఉచితం, మధ్యలో ఆపేస్తే అడ్వాన్సులో ఎంత తిరిగొస్తుంది, జీఎస్టీ రేటులో కలిసిందా విడిగానా. సంక్రాంతికి, దసరాకు చాలామంది ఊళ్లకు పోతారు, ఆ వారం ఏ బ్యూరోలోనూ మనుషులు దొరకరు. నెల ముందే మాట్లాడుకోవాలి. అటెండెంట్‌ను మీరే నేరుగా పెట్టుకుంటే జరిమానా అని దాదాపు ప్రతి అగ్రిమెంటులో ఉంటుంది. మీరు కట్టే 27,000లో అటెండెంట్ చేతికి ఎంత వెళ్తుందో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు.

ఈ ఖర్చుకు ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. డెబ్భై ఏళ్లు నిండినవాళ్లకు 2024 అక్టోబరులో వచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు 5 లక్షల వరకూ ఆస్పత్రి చికిత్సకే, ఇంట్లో అటెండెంట్‌కి కాదు. మామూలు పాలసీల్లో డొమిసిలియరీ క్లాజు కూడా ఇంట్లో చేసే చికిత్సకే తప్ప పక్కన ఉండి చూసుకునే మనిషికి వర్తించదు. దొరికే సాయాలు రెండు, రెంటికీ ప్రభుత్వ వైద్యులు ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ (సదరం) కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో అర్హులైతే, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పెన్షన్. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, ఆదాయపు పన్నులో (1961 చట్టంలో ఇది 80డిడి సెక్షన్), మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రుల వైకల్యం కనీసం 40 శాతం ఉంటే 75,000, 80 శాతం లేదా ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు. ఆ సెక్షన్‌లో చికిత్సతో పాటు నర్సింగ్ ఖర్చు కూడా ఉంది. ఎంత ఖర్చయినా మినహాయింపు అంతే, కానీ ఖర్చు చేసినట్టు ఉండాలి. అందుకే జీతం నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా కట్టి, పేషెంట్ పేరుతో నెలనెలా రసీదు అడగండి. రసీదు ఇవ్వనన్న బ్యూరో అయితే మొదటి రోజే ఇంకోటి చూసుకోండి.