గంటల లెక్కా, బొమ్మకింత అనా?

బెంగళూరు మారతహళ్లి పీజీలో ఫ్యాన్ ఆర్ట్ కమిషన్లు (అడిగినవాళ్లకు వాళ్లకిష్టమైన పాత్రల బొమ్మలు డబ్బుకు గీసివ్వడం) మొదలుపెట్టినప్పుడు గంటకు 150 రూపాయలు అనుకున్నాను. న్యాయంగానే ఉంది కానీ, కొత్తవాళ్ల చెయ్యి నిదానం. ఒక్క చీర అంచు జరీకే మూడు గంటలు పట్టింది. ఆ బిల్లు ఏ ముఖం పెట్టుకుని పంపను? మొత్తం ఎంతవుతుందో ముందే చెప్పకపోతే అడిగినవాళ్లు మెల్లగా జారుకుంటారు కూడా.

బొమ్మకింత అంటే బేరం ఒక్క మాటలో తేలుతుంది: ముఖం వరకు 400, నడుము దాకా 700, నిలువెత్తుకు 1,200. చిక్కంతా మార్పులతోనే. "కళ్లు కాస్త పెద్దవి చెయ్యవా అక్కా" అంటూ ఐదుసార్లు తిప్పితే టీ డబ్బులు కూడా మిగలవు. అందుకే స్కెచ్ దశలో రెండు మార్పులు ఉచితం, రంగులేశాక ప్రతిదానికీ 100. సగం అడ్వాన్స్ యూపీఐలో పడ్డాకే పెన్ను పట్టేది. నా ఓటు దీనికే. గంటలు మాత్రం నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా, రేటు పెంచేటప్పుడు పనికొస్తాయని.